నీళ్ళకు వేసిన కొసరు

ఆక్సిజన్ తక్కువై ఉక్కిరిబిక్కిరైనవాళ్ళను మీరు చూసి ఉంటారు. ఒకటి ఎక్కువై పరువు పోగొట్టుకున్న మనిషిని చూడాలంటే మాత్రం సోలాపూర్ రావాలి, అశోక్ చౌక్ దగ్గర దిగి శోభ దుకాణం ఎక్కడని అడగాలి. దారి చూపించేవాళ్ళు ముందు కాసేపు నవ్వుతారు. నవ్వు అయిపోయేదాకా ఓపిక పట్టండి, తర్వాత దారి చెప్తారు.

పోయిన పరువు ఇంట్లో నలుగురి మధ్య పోయుంటే కొంగుతో తుడిచేసేదాన్ని. చద్దర్లు నేసేవాళ్ళు, టవళ్ళు కుట్టేవాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు పిల్లాజెల్లాతో వచ్చి నిలబడ్డ చోట, మైకు లేకుండానే మైకంత గొంతు పెట్టి, నా పరువు నేనే తీసుకున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఎవరి మీదా అంటే, నా మీద తక్కువే. రసాయన శాస్త్రం మీద ఎక్కువ.

ముందు మా ఇంటి సంగతి వినండి. లేకపోతే తప్పంతా నాదే అనుకుంటారు.

మా తాతలు తెలంగాణ నుంచి మగ్గం వెంట నడిచొచ్చిన పద్మశాలీలు. మా బాపు మాత్రం మగ్గం గుంతలోంచి లేచి కిరాణా దుకాణం గల్లా మీద కూర్చున్నాడు. గల్లా అంటే డబ్బుల పెట్టె, దాని వెనక గద్దె, మొత్తం కలిపి మా ఇంటి సింహాసనం. ఆ సింహాసనానికి అసలు రాజమాత మా నానమ్మ. దుకాణదారీలో ఆమె చెప్పిందే శాసనం. అందులో మొదటిది, "తక్కెడ ముల్లు నడిమిట్ల ఆగితే గిరాకి మళ్ళ రాదు." కిలో పప్పు తూచాక పైన ఒక పిడికెడు వేస్తామే, ఆ కొసరు లేకుండా మా దుకాణంలో ఏ పొట్లమూ దారం కట్టించుకోలేదు. సరిసమానంగా తూచడమంటే మా ఇంట్లో తిట్టుతో సమానం. "బరాబర్ తూసే మొఖం" అని నానమ్మ ఎవరినైనా అందంటే, ఆ మనిషితో ఇక పెళ్ళి సంబంధం కూడా కలుపుకోరు.

అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లని పదో తరగతిలో కూర్చోబెట్టి, రెండు వైపులా సరిసమానంగా ఉండాలని చెప్తే ఏమవుతుంది? ఏమయిందో చెప్తున్నాను.

మా సైన్సు మాస్టారు మల్లేశం సార్. ఇంటికి రెండు పక్కలా పవర్‌లూమ్ షెడ్లే కావడంతో, పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడు మీదుగా మాట్లాడి మాట్లాడి, నిశ్శబ్దంగా ఉన్న తరగతిలో కూడా అదే గొంతు వాడేవాడు. పక్క బడి పిల్లలు కూడా ఆయన పాఠమే నేర్చుకున్నారని చెప్పుకునేవాళ్ళం.

"ఎడమ దిక్కు ఎన్ని పరమాణువులు పోతే కుడి దిక్కు గన్నే రావాలె!" అని ఆయన అరిచాడు. "ఒక్కటి ఎక్కువ నక్కో, ఒక్కటి తక్కువ నక్కో. దీన్నే సమీకరణం తుల్యం చేసుడంటరు."

నేను చెయ్యెత్తాను. "సార్, మరి కొసరు?"

"ఏం కొసరే?"

"గదే సార్, పైనంగ జర్రంత. ఎవరన్న ఏక్‌దమ్ బరాబర్ తూస్తరా? గిరాకి పోతది కద."

తరగతంతా నవ్వింది. సార్ నవ్వలేదు. "ప్రకృతికి గిరాకి పోతదన్న భయం లేదు బిడ్డా. దానికి ఎదురుంగ ఇంకో దుకాణం లేదు."

చూశారా అహంకారం! ఎదురుగా పోటీ దుకాణం లేకపోతే సరుకు ఎలా అయినా అమ్మొచ్చన్నమాట. అప్పటి నుంచే నాకు ప్రకృతి మీద అనుమానం మొదలైంది. తర్వాత ఆక్సిజన్ సంగతి తెలిశాక అనుమానం పోయి పగ పట్టుకుంది. ఆక్సిజన్ విడిగా ఒక్కటి దొరకదట! ఎప్పుడూ జంటగానే వస్తుందట. చెప్పులు జతగా అమ్ముతారంటే కాళ్ళు రెండు కాబట్టి సరే. అగ్గిపుల్లలు పెట్టెలో వస్తాయి, అయినా అవ్వలు వచ్చి అడిగితే మా బాపు నాలుగు పుల్లలు విడిగా తీసి ఇస్తాడు. సబ్బు కోసి సగం ఇస్తాడు. ఇంత పెద్ద ప్రపంచానికి గాలి సరఫరా చేసే సంస్థకి ఒక్క ఆక్సిజన్ విడిగా ఇవ్వడానికి చెయ్యి రాదా?

నా పక్కన కూర్చునే రేణుక బాధ ఇంకో రకం. వాళ్ళమ్మ బీడీలు చుడుతుంది. కార్ఖానాలో బీడీలు అప్పగించేటప్పుడు, తనిఖీ చేసేవాడు గుప్పెడు తీసి బాగా లేవని పక్కన పారేస్తాడు. ఆ బెంగ రేణుక రక్తంలో ఉంది. ఏ సమీకరణం చేసినా కుడివైపు నాలుగు పరమాణువులు తక్కువ వేసేది. "ఎట్లయిన తీసి పారేస్తరు కద" అనేది. నాకు ఎప్పుడూ ఎక్కువ వచ్చేవి, దానికి ఎప్పుడూ తక్కువ వచ్చేవి. మా ఇద్దరినీ కలిపి ఒక పిల్లగా చేస్తే తరగతిలో మొదటి ర్యాంకు వచ్చేదని మల్లేశం సార్ అనేవాడు.

ఇంతలో ఆనంద మేళా వచ్చింది.

మా బడిలో ఏడాదికోసారి పిల్లలే దుకాణాలు పెట్టి తినుబండారాలు అమ్ముతారు. తల్లిదండ్రులు, వాడకట్టువాళ్ళు వచ్చి కొంటారు. మిగతా ఇళ్ళల్లో అది సరదా. మా ఇంట్లో పట్టాభిషేకం. మేళాలో తెచ్చిన సరుకంతా అమ్మినవాళ్ళకే వేసవి సెలవుల్లో గల్లా మీద కూర్చునే హక్కు అని నానమ్మ ఎప్పుడో తీర్మానించింది. మా అన్న శీను ఆ ముందు ఏడే బేల్పూరీ బుట్ట ఖాళీ చేసుకొచ్చి గల్లా ఎక్కేశాడు. నేను వెనక గదిలో చింతపండు పొట్లాలు కడుతుంటే, వాడు గద్దె మీద కాలు మీద కాలేసుకుని, "శోభా, ఇంకో పావుకిలో కట్టు" అని కేకేసేవాడు. వాడికి కూడికలు రావు. చిల్లర లెక్కకు నన్నే పిలిచేవాడు. మీరైతే ఊరుకుంటారా?

నేను మిర్చి బజ్జీలు అని నిర్ణయించుకున్నాను. పిల్లలు పొయ్యి ముట్టకూడదని బడివాళ్ళ నియమం, కాబట్టి వేయించేది అమ్మ, అమ్మేది నేను. గేటు పక్కన జాగా దొరికితే చాలు. లోపలికొచ్చే ప్రతి ముక్కుకీ ముందు నా నూనె వాసనే తగులుతుంది.

అప్పుడే మల్లేశం సార్ బాంబు పేల్చాడు. "మేళా మేళా అని పుస్తకాలు పక్కకు పెట్టిన్రు. పది సమీకరణాలు తుల్యం చేసినోళ్ళకే జాగా. లేకుంటె లేదు."

తరగతిలో ఏడుపులు మొదలయ్యాయి. నేను ఏడవలేదు. ధర చెప్పగానే ఏడ్చేవాళ్ళు మా వంశంలో లేరు. లేచి నిలబడ్డాను.

"సార్, పది శాన ఎక్కువ. నాలుగు పెట్టున్రి."

"ఎనిమిది."

"మూడు సార్."

"అగో! నాలుగన్నవ్ కదనే ఇప్పుడే? కిందికి పోతున్నవేంది?"

"మీరు జర్ర సరిగ తగ్గుతరని నాలుగన్న. మీరు తగ్గలే. నా భావ్ ఇంక దిగింది."

సార్ సుద్దముక్కని వేళ్ళ మధ్య తిప్పుతూ నా వంక చూశాడు. "ఒక్కటి ఇస్త," అన్నాడు. "ఒక్కటంటే ఒక్కటే. బోర్డు మీద, అందరి ముందట. సమ్మతమా?"

అడిగిన మూడుకన్నా తగ్గించి ఇచ్చే వ్యాపారిని ఎక్కడైనా చూశారా? అంత గబుక్కున దిగొచ్చాడంటే సరుక్కి లోపల చిల్లు ఉన్నట్టే లెక్క. నానమ్మ అయితే అక్కడే చెప్పులేసుకుని వెళ్ళిపోయేది. నాకేమో గెలిచిన మత్తు. పైగా ఇంకొంచెం పిండుదామని, "గేట్ కాడి జాగా సార్!" అన్నాను.

"సరే, గేట్ కాడిదే."

"రెండు దిక్కుల లెక్క బరాబర్ వస్తే జాగా నాదే కద? మళ్ళ మాట మారద్దు సార్."

"బరాబర్ వస్తే నీదే పో."

ఆయన బోర్డు మీద రాసింది ఇంట్లో వంట గ్యాసు మండే సమీకరణం. బ్యూటేన్, ఆక్సిజన్ కలిసి మండితే కార్బన్ డయాక్సైడ్, నీళ్ళు వస్తాయి. అంతే. చూడ్డానికి పసిపిల్లలా ఉంది. పళ్ళు లోపల దాచుకుందని నాకేం తెలుసు?

బ్యూటేన్‌లో కార్బన్లు నాలుగు. కుడివైపు కార్బన్ డయాక్సైడ్ నాలుగు పెట్టాను. హైడ్రోజన్లు పది. నీళ్ళలో రెండేసి ఉంటాయి కాబట్టి ఐదు నీళ్ళు పెట్టాను. ఇక కుడివైపు ఆక్సిజన్లు లెక్కేస్తే పదమూడు తేలాయి. జంటలుగా అమ్మే ఆక్సిజన్‌ని పదమూడు కొనాలంటే ఎన్ని జంటలు కొనాలి? ఆరున్నర. నేను దర్జాగా ఆరున్నర అని రాశాను. మా దుకాణంలో అరకిలో లేదా? అరపావు లేదా?

"అర అణువు యాడికెళ్ళి తెస్తవే?" అని వెనకనుంచి సార్ గొంతు. "గది నడ్వది."

మా బెంచీలోంచి రేణుక పళ్ళ మధ్యనుంచి గుసగుసలాడింది. "మొత్తం రెట్టింపు చెయ్యే పోరీ! అన్ని రెండింతలు పెట్టు!"

ఇప్పుడు నిజం చెప్పండి. చొక్కాకి ఒక గుండీ తక్కువైందని ఎవరైనా రెండు చొక్కాలు కుట్టించుకుంటారా? సగం ఆక్సిజన్ సర్దడానికి గ్యాసు రెట్టింపు, పొగ రెట్టింపు, నీళ్ళు రెట్టింపు! ఇది శాస్త్రమా, లేక రెండు కొంటేగానీ ఇవ్వనని మొండికేసే టోకు వ్యాపారమా? బేరాలాడి బతికే ఇంటి పిల్లని, అవసరానికి రెండింతలు కొనమంటే నా చెయ్యి ఎలా ఆడుతుంది? ఆడలేదు.

అరని చెరిపేసి ఏడు జంటలు కొన్నాను. పదమూడు కావలసిన చోట పద్నాలుగు వచ్చాయి. ఒక ఆక్సిజన్ చేతిలో మిగిలింది. మిగిలిన దాన్ని ఏం చేస్తాం? మా ఇంట్లో పాలు తాగే పిల్ల కూడా చెప్తుంది. కొసరు వేస్తాం! ఐదు నీళ్ళు కుడివైపు బుద్ధిగా నిలబడి ఉన్నాయి కదా, అందులో చివరిదాని కొంగులో ఆ ఆక్సిజన్ వేసి మూట కట్టాను. బోర్డు మీద ఇలా తయారైంది:

C₄H₁₀ + 7O₂ → 4CO₂ + 4H₂O + H₂O₂

లెక్క పెట్టుకోండి, నేనేం భయపడను. కార్బన్లు ఇటు నాలుగు, అటు నాలుగు. హైడ్రోజన్లు ఇటు పది, అటు పది. ఆక్సిజన్లు ఇటు పద్నాలుగు, అటు పద్నాలుగు. చేతులకంటిన సుద్ద దులుపుకుని, మగ్గం మీంచి చద్దరు కోసి దించిన నేతగాడిలా తిరిగి చూశాను.

మల్లేశం సార్ వేలు పెట్టి బోర్డు చివర చూపించాడు. ఆయన గొంతు మొదటిసారి తగ్గింది. "శోభా, చివరికి రాసినవే, గదేందో ఎరికేనా?"

"నీళ్ళు సార్. జర్ర కొసరు పడ్డ నీళ్ళు."

"నీళ్ళా? గది హైడ్రోజన్ పెరాక్సైడే! రంగుల కార్ఖానల దారం తెల్లగ చేసేటందుకు పోస్తరు చూడు, గా మందు. నోట్ల పడితే కాల్తది. మీ అమ్మ గ్యాస్ మీద చాయ్ పెడితే గా మందు వస్తున్నదా మీ ఇంట్ల?"

"లెక్క బరాబర్ ఉన్నదా లేదా సార్?"

"లెక్క బరాబరే గని, గట్ల జరగదే తల్లీ!"

"జరగాలె అని బేరంల లేదు సార్. బరాబర్ రావాలె అనే ఉన్నది."

వెనక బెంచీల్లో ఎవరో ఈల వేశారు. సార్ మాట తప్పే మనిషి కాదు. "సరే, గేట్ కాడి జాగా నీదే," అన్నాడు. అంటూ నవ్వాడు. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తే. చిరుగు లోపలికి వచ్చేలా మడతపెట్టి చీర చేతికిచ్చేటప్పుడు బట్టల దుకాణంవాడు నవ్వే నవ్వు అది. "బోర్డు తుడవకున్రి," అని మిగతా పిల్లలకు చెప్పాడు. "రెండు దినాలు ఉండనియ్యున్రి. అందరు చూడాలె."

అందరూ చూశారు. చూసి ఊరుకుంటే బాగుండేది.

రేణుక ఇంటికెళ్ళి వాళ్ళమ్మకు చెప్పింది. వాళ్ళమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని, చుట్టూ ఆడవాళ్ళతో కూర్చుని బీడీలు చుడుతోంది. ఆ గుంపులో పడ్డ వార్తకు తపాలా అవసరం లేదు. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టేలోపు ఒక వాడ దాటుతుంది. కొంతం చౌక్ చేరేసరికి వార్తకి కూడా కొసరు పడింది. గ్యాసు మండితే మందు వస్తుందని శోభ బోర్డు మీద రాసింది అన్న మాట, శోభ వాళ్ళ గ్యాసులో మందు ఉందట అని మారింది. తర్వాత, సార్‌తో కొట్లాడి గెలిచిందట, సార్ కూడా బరాబర్ అన్నాడట అని చేరింది. అది మాత్రం నిజమే, ఏం చేస్తాం!

నాకు ఇవేవీ తెలియవు. మా అన్న శీను గల్లా మీంచి అన్న మాటొక్కటే చెవిన పడింది. "నీ బజ్జీలు ఎవ్వరు తినరు పో. పేగులు తెల్లగయితయని వాడకట్టంత భయపడుతున్నరు."

"గల్లా దిగేటందుకు భయం నీకు," అన్నాను. కానీ ఆ మాట గుండెలో మిరపగింజలా ఇరుక్కుంది.

మేళా రోజు పొద్దున గేటు పక్కన బల్ల వేశాం. అమ్మ పొయ్యి దగ్గర, నానమ్మ వెనక స్టూలు మీద. ఎదురుగా కొంచెం దూరంలో, ఏడ్చుకుంటూనే పది సమీకరణాలూ చేసి జాగా తెచ్చుకున్న రేణుక బేల్ బండి. నూనె కాగింది. మొదటి వాయి బజ్జీలు బంగారు కడ్డీల్లా తేలాయి. జనం వచ్చారు. జనమంటే ఆషామాషీ జనం కాదు, బీడీల ఆడవాళ్ళు, మగ్గాల ఇళ్ళ అత్తలు, అవ్వలు, అందరూ నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చి వరుసలో నిలబడ్డారు. వరుస గేటు దాటి రోడ్డు మీదికి పోయింది.

కానీ ఒక్కరూ కొనడం లేదు.

కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. పొయ్యి కింద నీలి మంట వంక చూస్తున్నారు. ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకుంటున్నారు. "ముందుగాల రాజవ్వను తిననియ్యున్రి," అన్న మాట వినబడింది. రాజవ్వ రంగుల కార్ఖానాలో దారం తెల్లగా చేసే తొట్ల దగ్గర పనిచేసే మనిషి. ఆ మందు గుణం ఊళ్ళో ఆమెకే బాగా తెలుసు.

నాకు అర్థమైపోయింది. విషపరీక్ష! రాజవ్వ తిని బతికితే మిగతావాళ్ళు తింటారు. పాలపిండిలో సుద్ద కలిపేవాళ్ళ ముందు ఇలా నిలబడతారా? పప్పులో రాళ్ళు కలిపేవాళ్ళని ఇలా అడుగుతారా? కొసరు వేసిన పాపానికి మా అమ్మ చేతి బజ్జీ విషమైందా?

రాజవ్వ వచ్చింది. ఒక బజ్జీ తీసుకుంది. కొరికింది. అందరూ మెడలు సాచి ఆమె నోటి వంకే చూశారు. ఆమె నెమ్మదిగా నమిలి, నాలుకతో పళ్ళమీద అటూ ఇటూ రుద్ది, రొంటి సంచిలోంచి చిన్న అద్దం తీసింది.

ఆ అద్దం చూశాక నాకు ఆగలేదు. నాలుక కాలిందో లేదో చూసుకుంటోంది, ఇంకేముంది! నానమ్మని లేపి స్టూలు లాక్కుని దాని మీదికి ఎక్కేశాను.

"అవ్వల్లారా, అత్తల్లారా, అందరు వినున్రి!" అని అరిచాను. "నేను బోర్డు మీద రాసింది తప్పు! పూరా తప్పు! గ్యాస్ మండితే ఏ మందు రాదు. పొగ, నీళ్ళు, గంతే. రెండు బ్యూటేన్లకు పదమూడు జంటల ఆక్సిజన్ పోతే, ఎనిమిది కార్బన్ డయాక్సైడ్లు, పది నీళ్ళు వస్తయ్! నీళ్ళంటే ఉత్త నీళ్ళు! తెల్లగ చేసే గుణం ఈ బజ్జీల రవ్వంత గూడ లేదు! ఒట్టు! నమ్మకుంటె గా సార్‌ను అడుగున్రి!"

మల్లేశం సార్ అప్పుడే గేటులోంచి వస్తున్నాడు. ఆయన మొహం దీపావళి రాత్రిలా వెలిగింది. "శభాష్!" అని తన పవర్‌లూమ్ గొంతుతో అరిచాడు. "అక్షరాల కరెక్టు! ఏ మందు రాదు!"

రాజవ్వ అద్దం దించింది. కొంగు తీసి నా వంక చూసింది. ఏళ్ళ తరబడి మిశ్రీ, అంటే కాల్చిన తంబాకు పొడి, రుద్ది రుద్ది నల్లగా నిగనిగలాడే పళ్ళు.

"అయితే పండ్లు తెల్లగ కావా?" అంది.

"ఏంది?"

"గా మందుతోని దారమే పాల లెక్క తెల్లగయితది. పొయ్యిలకెళ్ళి బజ్జీలకు జరంత పడితే పండ్లు గూడ అయితయేమో అని గింతమందిమి వచ్చినం. నా పై పన్ను గిప్పుడిప్పుడే జర్ర మెరిసినట్టయింది!"

అప్పుడు చూశాను. వరుసలో ఒక్కొక్క కొంగే దిగింది. ఒక్కొక్క నోరే తెరుచుకుంది. అన్నీ మిశ్రీ పళ్ళే! నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నది నా బజ్జీకి భయపడి కాదు. సిగ్గుపడి. నా ముందు నిలబడ్డది సోలాపూర్ చరిత్రలోనే అతి పెద్ద బజ్జీల గిరాకీ. దానికి నేను స్టూలెక్కి మరీ, ఒట్టేసి మరీ, సాక్షిని పిలిచి మరీ, మీరు కోరేది నా దగ్గర లేదని చాటింపు వేశాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడగకుండానే నిజం పెట్టాను!

దుకాణదారు బుర్ర వెంటనే పనిచేసింది. స్టూలు మీంచి దిగి గొంతు తేనె చేశాను. "రాజవ్వా, పూరా తెల్లగ కాకున్న, జర్రంత అయితే అయితదేమో. ఎవరికెరుక? రెండు తిని చూడరాదు..."

"శోభా!" అని వెనకనుంచి పవర్‌లూమ్ మోగింది. "లెక్క!"

చాపిన బజ్జీల ప్లేటు వెనక్కి తీసుకున్నాను.

"ఉత్త బజ్జీ అయితే ఇంట్ల చేసుకోమా?" అని ఒక అత్త వరుసలోంచి బయటికి నడిచింది. "చల్, ఎట్లయిన వచ్చినం కద, బేల్ తిందాం," అంది ఇంకో అవ్వ. చూస్తుండగా వరుస నా ముందు నుంచి లేచి, మంచి నడక నేర్చిన గొంగళిపురుగులా వెళ్ళి, రేణుక బండి ముందు వాలింది. ఎప్పుడూ తక్కువ పడుతుందని ఏడ్చే రేణుకకి ఆ రోజు మరమరాలే తక్కువ పడ్డాయి. మా అన్న శీను వెళ్ళి దుకాణం నుంచి ఇంకో బస్తా తెచ్చి ఇచ్చాడు. నా సొంత అన్న! నా సొంత దుకాణం మరమరాలు!

మల్లేశం సార్ మాత్రం నా దగ్గర ఒక ప్లేటు కొన్నాడు. జాలితో కాదు, గెలిచిన రుచితో. బేరమాడలేదు కూడా. ఒక మనిషిని అవమానించాలంటే అడిగిన ధర మారు మాట్లాడకుండా ఇచ్చేయడం కన్నా మించిన మార్గం లేదు.

సగం బేసిన్ బజ్జీలు మిగిలాయి. పిండి కూడా మిగిలింది. అమ్మ పొయ్యి ఆర్పి మూతలు పెట్టింది. నేను నానమ్మ వంక చూశాను. గల్లా నాకొస్తుందన్న ఆశ ఎక్కడో చివరి పరమాణువంత మిగిలి ఉంది.

"నానమ్మా, తప్పు రాసిన్నని ఒప్పుకున్న కద. నిజం చెప్పిన కద. గది మంచిదే కద?"

నానమ్మ లేచి, స్టూలు చంకన పెట్టుకుని, చల్లారిన బజ్జీ ఒకటి తుంచి నోట్లో వేసుకుంది.

"నిజం మంచిదే బిడ్డా," అంది. "గని గిరాకి ఎందుకొచ్చిందో అడగకుంట నోరు తెరిచేటోళ్ళను గల్లా మీద కూసోబెడితే, బియ్యం కొన వచ్చినోనికి ఉప్పు మంచిది కాదని చెప్పి పంపిస్తరు. ఇంకో యేడు చింతపండు కట్టు."

ఆ వేసవి అంతా శీను గల్లా మీద కూర్చున్నాడు. నేను వెనక గదిలో చింతపండు కట్టాను. చేతులకి అంటుకున్న పులుపు సెలవులు అయిపోయినా పోలేదు. ఆ సెలవులకు ముందు బోర్డు పరీక్షలో ఒక సమీకరణం వచ్చింది, పళ్ళు కొరుక్కుంటూ అన్నీ రెట్టింపు చేసి వచ్చాను. ఎవరి సొమ్ము పోయింది, నాదా?

కాబట్టి సోలాపూర్ వర్తక లోకం ఎదుట, పవర్‌లూమ్‌ల సాక్షిగా, ఎవరూ అడగకపోయినా ఇప్పుడు ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక మీదట ఈ జన్మలో నీళ్ళకి ఆక్సిజన్ కొసరు వేయను, అవి చేతులు జోడించి అడిగినా సరే. నా ముందు నలుగురు వరుసగా నిలబడితే, ముందు వాళ్ళని కూర్చోబెట్టి, చాయ్ పోసి, ఎందుకొచ్చారో చెప్పించుకుంటాను. వాళ్ళు చెప్పేదాకా నా నోట్లోంచి నిజం గానీ అబద్ధం గానీ ఒక్క మాట బయటికి రాదు. ఎవరైనా అద్దం తీస్తే మాత్రం కళ్ళు మూసుకుని, "ఆహా, పన్ను మెరుస్తున్నది రాజవ్వా, ఇంకో రెండు తిను" అంటాను.